మా నాయన పడికట్టు మాటలు

పడికట్టు అన్న మాటతో నన్ను మొదటిసారి తిట్టినప్పుడు నేను నెల్లూరు కాలేజీలో చదువుతున్నాను. మా ఊరి తిరునాళ్ల మీద ఒక వ్యాసం రాసి ఇచ్చాను. ఉత్సవం అంగరంగ వైభవంగా సాగిందనీ, చూసినవాళ్లకు కన్నుల పండువ అయిందనీ, ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారనీ రాశాను. సముద్రం పక్క ఊరివాణ్ణి, నాకు ఇసుకకేం కొదవ.

తెలుగు లెక్చరరు గారు కాగితం నా ముందు పెట్టి, "ఇవన్నీ పడికట్టు మాటలోయ్. ఊరంతా వాడి వదిలేసినవి. ఇందులో నీది ఒక్కటన్నా ఉందా?" అన్నారు.

అంగట్లో పెరిగినవాణ్ణి. సరుకు బాగాలేదంటే నోరు మూసుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. "కొత్త మాటలు ఖరీదెక్కువ సార్. ఇవైతే అందరికీ అందుబాటులో ఉంటాయి" అన్నాను. క్లాసు నవ్వింది. ఆయనా నవ్వారు. నవ్వుతూనే మార్కులు కోశారు. ఆయన దగ్గర బేరం కుదరదని అప్పుడే తెలిసింది. ఈ వయసులో కూడా మందుల షాపులో బేరమాడే నాలాంటి వాడికి అది చిన్న ఓటమి కాదు.

నాకు అర్థం కానిది మాత్రం ఒక్కటే. పడికట్టు తిట్టు ఎట్లా అయింది?

విడవలూరులో మా అంగడికి పడికట్టు అంటే దేవుడి పటం తర్వాత దేవుడు. విజయదశమి నాడు తక్కెడకూ దానికీ కలిపి కుంకుమ పెట్టేవాళ్లం. పడికట్టు అంటే తూకం వేసే రాయి; నిఘంటువు తీసి చూసినా అదే ఉంది. మా అమ్మ పుట్టిల్లు తడ దగ్గర. ఆ వైపు అరవం కలిసిన మాటల్లో పడి అంటే కొలత, తూకపురాయిని పడికల్లు అంటారు. అంతకన్నా లోతుకు తవ్వితే నాకు తెలియని నీళ్లు పడతాయి కాబట్టి అక్కడే ఆగిపోయాను.

మా తాత రోజుల్లో అంగట్లో అచ్చమైన ఇనుప గుండు ఒకటో రెండో ఉండేవట. మిగతా తూకాలకు ఆయన పెన్నలో గుండ్రటి రాళ్లు ఏరుకొచ్చి, ఇనుప గుండుకు సరిపోయేదాకా తక్కెడలో వేసి చూస్తూ, అంచులు చెక్కి, సున్నంతో గుర్తులు పెట్టాడు. ఆ రాయికి సొంతంగా ఏ విలువా లేదు. వీధిలో పడేస్తే కుక్కను అదిలించడానికి పనికొస్తుంది. తక్కెడలోకి ఎక్కిందంటే మాత్రం దాని ఎదుట చింతపండు నిలబడాలి, బెల్లం నిలబడాలి, మిరపకాయలు నిలబడాలి. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ దాన్ని ఒప్పుకున్నారు, అదే దాని బరువు.

లెక్చరరు గారి తిట్టు నాకు అటువైపు నుంచి అర్థమైంది. ఏ సరుకు వచ్చినా అదే రాయి. పెళ్లి అయినా, తిరునాళ్ల అయినా, మంత్రిగారి రాక అయినా అదే అంగరంగ వైభవం. చూసినదాన్ని చూసినట్టు తూచకుండా, చేతికి అందిన రాయి ఎత్తి పళ్లెంలో పడేస్తాం. అందుకే అలాంటి మాటకు ఆ పేరు వచ్చి ఉంటుంది. ఊతపదం వేరు. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, "ఏందంటే" అనకుండా ఒక్క వాక్యం చెప్పలేడు. అది ఆయన చేతికర్ర, ఆయనొక్కడిదే. పడికట్టు మాట బజారుది, అందరిదీ.

దేశంలోకి కిలోలు దిగుతున్న రోజులవి. మా రాళ్లు తక్కెడ దిగి గోడవార చేరాయి. నాయన వాటిని పారేయలేదు. ఒకదాన్ని తలుపుకు ఆనించాడు, ఒకదాన్ని ఊరగాయ జాడీ మూత మీద పెట్టాడు. "పని మానినంత మాత్రాన బరువు పోయిందా?" అన్నాడు. అదే, ఆయన నోట నేను విన్న ఆఖరి సొంత మాటల్లో ఒకటి.

ఆ వానాకాలంలో నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. నెల్లూరు డాక్టరు గారు, కాలు కొంత రావచ్చు, మాట సంగతి చెప్పలేనన్నారు. ఇంటికి తీసుకొచ్చి అంగడి వెనక గదిలో పడుకోబెట్టాం. నేను కాలేజీకి సెలవు పెట్టి వచ్చేశాను.

మాట పూర్తిగా పోలేదని తర్వాత తెలిసింది. తెలిశాక ఇంకా భయమేసింది. మంచినీళ్లు కావాలన్నా ఆ మాట రాదు. నా పేరు రాదు. అమ్మను పిలవడం రాదు. నోరు తెరిచి, దవడ కదిలించి, చెమట పట్టేదాకా తంటాలుపడి, చివరికి ఆయన బయటికి తీసినవి అంగట్లో ముప్పై ఏళ్లు అన్న మాటలే. గిట్టదు. మీకు కాబట్టి. ఇంకో మాట చెప్పండి. అసలు కూడా రాదు. రండి రండి. పొద్దున మొదటి బేరానికి అనే బోణీ. అవి మాత్రం శుభ్రంగా, నంగి లేకుండా, పాత గొంతుతో వచ్చేవి. లెక్చరరు గారు ఇచ్చిన పేరు నాకు గుర్తొచ్చింది. మనిషి సొంత మాటలన్నీ పోయి పడికట్టు మాటలు మిగిలాయి. మతి పోయిందనీ, చిలక పలుకుల్లాగా నాలుక తనంతట తాను తిరుగుతోందనీ నేను అనుకున్నాను. బంధువులందరూ అదే అనుకున్నారు.

అమ్మ ఏమనుకుందో నాకు తెలియదు. ఆమె ఎన్నడూ అంగట్లోకి వచ్చి కూర్చున్నది లేదు. వంటింటికీ అంగడికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడ ఇవతల నుంచి ఆమె నాయన బేరాలన్నీ వింటూ వంట చేసింది.

ఒకరోజు పొద్దున జావ పట్టుకెళ్లింది. నేను గుమ్మంలో ఉన్నాను. నాయన ముఖం గోడవైపు తిప్పి, "గిట్టదు" అన్నాడు. రోజూ ఆ మాట వినగానే అమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకునేది. ఆ రోజు ఒత్తుకోలేదు. గిన్నె కింద పెట్టి, కొనేవాళ్లు అడిగినట్టు, మెల్లిగా అడిగింది.

"గిట్టకపోతే ఎట్టా? నువ్వే ఏదో ఒకటి చెప్పు."

నాయన ముఖం ఇటు తిరిగింది. కాసేపు అమ్మను చూశాడు. "ఇంకో మాట చెప్పండి" అన్నాడు.

"బెల్లం ముక్క వేస్తా."

"ఇంకో మాట చెప్పండి."

"బెల్లం వేసి, పాలు కూడా పోస్తా. ఇంతకు మించి నా వల్ల కాదు. తాగితే తాగు, లేకుంటే ఎత్తుకపోతా."

ఆమె గిన్నె ఎత్తుకుని నిజంగానే రెండడుగులు వేసింది. వెనక నుంచి, "రండి రండి" అని వినిపించింది. తిరిగి చూస్తే నాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. మొదటి గుక్క తాగి, పెదవి తుడవనిచ్చి, "మీకు కాబట్టి" అన్నాడు.

గుమ్మంలో ఉన్న నాకు అప్పుడు తెలిసింది. ఆ రాళ్లు ఆయన ఊరికే విసరడం లేదు. తూచి వేస్తున్నాడు.

అమ్మ గిన్నె కడగడానికి పోతూ నాతో అంది. "పెండ్లయినకాడి నుంచి ఏమేయ్ అనడమే గాని ఇంకో పిలుపు లేదు. ఇప్పుడు మీరు, రండి అంటన్నాడు. నాకేం తక్కువరా ఇంక."

ఆ తర్వాత మేమిద్దరం కొనేవాళ్లమయ్యాం, ఆయన అమ్మేవాడయ్యాడు. కాలు నొప్పి ఎట్లా ఉందంటే, "అసలు కూడా రాదు." అంటే ఏమీ తగ్గలేదని. పక్క మార్చమంటావా అంటే, "ఇంకో మాట చెప్పండి." అంటే వేరే ఏదో కావాలి. ఏం కావాలో మేమే ఒక్కొక్కటీ ఎత్తి చూపించాలి: కిటికీ తెరవమంటావా, దుప్పటి తియ్యమంటావా. బజార్లో బట్టల తానులు పరిచినట్టే. కుదిరినప్పుడు "మీకు కాబట్టి". ఒక సాయంత్రం ఆయన కుడికాలి బొటనవేలు కొంచెం కదిలింది. ఆయనే ముందు చూసుకున్నాడు. అమ్మను కళ్లతో పిలిచి, వేలు చూపించి, "బోణీ" అన్నాడు. రోజంతా ఒక్క బేరమూ లేని అంగడివాడికి మొదటి బేరం తగిలితే వచ్చే వెలుగు ఆ ముఖంలో వచ్చింది. నేను ఇన్ని మాటలు వాడి రాస్తున్నాను గాని, ఆ ఒక్క మాటకు ఎదురు తూగేది నా దగ్గర లేదు.

ఇదంతా మా ఇద్దరికే తెలుసు. బయటి వాళ్లకు నాయన మతి లేని మనిషే. అంగడి మూతపడి ఉంది. కొనేవాళ్లు వేరే అంగళ్లకు అలవాటు పడిపోతున్నారు. నేను కూర్చుంటానంటే చిన్నాయన ఒప్పుకోలేదు. "నువ్వు పద్యాలు తూస్తావు, చింతపండు తూయలేవు" అన్నాడు. అందులో అబద్ధం కూడా లేదు.

చిన్నాయనకు పక్క పల్లెలో, సముద్రం ఒడ్డున, చిన్న అంగడి. పడవలు ఒడ్డు చేరాక, మధ్యాహ్నం మీదగాని అక్కడికి జనం రారు. అన్నంటే ఆయనకు ప్రాణం. అందుకే ఒకరోజు సైకిలు మీద వచ్చి, అన్నను తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. ఈ అంగడిని తన చేతిలోకి తీసుకుంటే ఇల్లూ నడుస్తుంది, నా చదువూ నడుస్తుందన్నాడు. చెడ్డ ఆలోచన కాదు. కానీ ఆ గల్లాపెట్టె పక్కన, ఆ చాప మీద కూర్చోవడం ఒక్కటే నాయనకు మిగిలిన కోరిక అని అమ్మకూ నాకూ తెలుసు. రోజూ పొద్దున అంగడి వైపున్న తలుపునే చూసేవాడు. అది చేయి దాటిపోతే ఆ ఆరు మాటలు కూడా ఎవరితో అంటాడు?

పక్కనే తాళ్ల అంగడి సాయిబుగారు, నాయన స్నేహితుడు, చూసిపోదామని అప్పుడే వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఏందంటే వదినా, అన్న ఈడ ఉంటే అంగడి తలుపు చూసి చూసి బెంగపడతాడు. ఆడ సముద్రం గాలి. చల్లగా పడుంటాడు" అన్నాడు చిన్నాయన.

"నాకెందుకు చెబుతావు? ఆయన్ని అడుగు" అంది అమ్మ.

"ఏం అడిగేది వదినా. తెలివుంటే గదా."

"అడుగు."

చిన్నాయన వదిన మాట కాదనలేక మంచం దగ్గరికి జరిగి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా చెప్పాడు. "అన్నా. అంగడి నాకు అప్పజెప్పు. నువ్వు మా ఇంటికొచ్చేయ్."

"గిట్టదు" అన్నాడు నాయన.

"చూసినావా వదినా. అడిగిందేంది, చెప్పిందేంది?"

"అడిగినదానికే చెప్పినాడు" అంది అమ్మ.

చిన్నాయన మళ్లీ మంచం వైపు తిరిగాడు. "సరే. ఏందంటే అన్నా, శాశ్వతంగా గాదు. ఒక ఏడాది. నువ్వు లేచి తిరిగేదాకా."

నాయన కిటికీ వైపు చూస్తూ, తీరుబడిగా, "గిట్టదు" అన్నాడు.

"పోనీ కొత్త చింతపండు వచ్చేదాకా."

"ఇంకో మాట చెప్పండి."

అప్పుడు చూశాను. చిన్నాయన పంచె పైకి లాక్కున్నాడు. మంచం కోడు దగ్గరికి ఇంకా జరిగి గొంతుక్కూర్చున్నాడు. గొంతు దించాడు. చెవిటివాడితో మాట్లాడే గొంతు పోయి, బజారు గొంతు వచ్చింది. పుట్టినప్పటి నుంచి బేరంలో బతికినవాడు. ఎదుటివాడు "ఇంకో మాట" అన్నాక ఇంకో మాట చెప్పకుండా ఉండడం ఆయన చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు.

"ఇంకో మాట ఏముంది అన్నా? నేనేమన్నా లాభానికి అడగతా ఉండానా? నా అంగడి వదులుకొని రావాలి. సైకిలు తొక్కుకొని రావాలి. నాకు మిగిలేదేంది చెప్పు."

"అసలు కూడా రాదు" అన్నాడు నాయన, ఎంతో సానుభూతిగా.

సాయిబుగారికి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదు.

చిన్నాయన లేచాడు. పై గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే నీ ఇష్టం. నేను పోతా ఉండా" అని తలుపు దాటి, పంచలోకి పోయి, మెట్టు దిగాడు. అది కొనేవాడి ఎత్తు. బేరం తెగనప్పుడు లేచి నడవడం. పిలుస్తాడా లేదా అన్నదే అక్కడ ఆట. మరీ ముందు పిలిస్తే అమ్మేవాడు లోకువైపోతాడు. ఆలస్యమైతే బేరం పక్క అంగడికి పోతుంది. నాకు ఆ సమయం ఎన్నడూ పట్టుబడలేదు. ఎప్పుడూ తొందరపడి పిలిచేవాణ్ణి. ఆ రోజు కూడా పిలవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

నాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. చిన్నాయన చెప్పులు తొడుక్కున్న చప్పుడు. వీధిలో ఒక అడుగు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు.

"రండి రండి" అన్నాడు నాయన.

ఆ గొంతు గోడలు దాటి వీధిలోకి పోయింది. చిన్నాయన వెంటనే వచ్చేశాడు. సైకిలు అక్కడే కింద పడిన చప్పుడైంది. ముఖం మీద బేరం మళ్లీ దొరికినవాడి సంతోషం. మంచం పక్కన కూర్చుని ఆఖరి మాట చెప్పాడు.

"ఇనుకో. పొద్దుటి పూట నేనొచ్చి తూస్తా. నా అంగడికి మధ్యాహ్నం దాకా ఎట్టా జనం రారు. నువ్వు గల్లాపెట్టె పక్కన చాప మీద కూర్చో. మధ్యాహ్నం పైన తలుపులు మూసేద్దాం. ఇంక ఒక్క మెట్టు దిగను."

నాయన పైకప్పు చూశాడు, అమ్మను చూశాడు. చాలా నష్టపోతున్నవాడిలా నిట్టూర్చాడు. "మీకు కాబట్టి" అన్నాడు.

చిన్నాయన తొడ చరిచాడు. "తెగింది" అన్నాడు.

పీట మీద నుంచి సాయిబుగారు మెల్లిగా అన్నాడు. "ఏమబ్బయా, తెలివి లేనోడితో బేరం పెట్టుకొని అంగడంతా పోగొట్టుకున్నావే. తెలివుండి ఉంటే సైకిలు గూడా మిగిలేది కాదు నీకు."

తానేం చేశాడో అప్పుడు చిన్నాయనకు తెలిసింది. మతి లేనివాడితో ఎవరూ బేరమాడరు. పసిబిడ్డతో ఆడరు, తాగినవాడితో ఆడరు. ఇంతసేపు పంచె ఎగగట్టి అన్నతో సమానంగా కూర్చుని బేరమాడాడు, పైగా ఓడాడు. "అన్నా" అన్నాడు చివరికి, మామూలు గొంతుతో. ఆ మాట ముందు "ఏందంటే" లేదు.

నాయనకు వేరే పని ఉంది. బేరం తెగింది, కొసరు ఇవ్వాలి. తూకం అయ్యాక పై నుంచి ఒక చిటికెడో ఒక ముక్కో వేసి పంపకపోతే మా అంగట్లో బేరం పూర్తయినట్టు కాదు. జావలోకని అమ్మ పెట్టిన బెల్లం పళ్లెం మంచం పక్కనే ఉంది. ఎడమ చేత్తో ఒక ముక్క తీశాడు. తీసి ఆగిపోయాడు. ఆయన జన్మలో ఎవరికీ ఎడమ చేత్తో ఏదీ ఇచ్చి ఎరగడు.

అమ్మ కదలబోయింది. నాయన కళ్లతోనే వద్దన్నాడు. బెల్లం ముక్కను పొట్ట మీద పడి ఉన్న కుడి అరచేతిలో పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో ఆ కుడి మణికట్టు పట్టుకుని, బరువైన దాన్ని ఎత్తినట్టు, మెల్లిగా పైకి లేపాడు. ముక్క దొర్లబోయి ఆగింది.

చిన్నాయన రెండు చేతులూ చాపి పట్టుకున్నాడు. నోట్లో వేసుకున్నాడు. కళ్లనీళ్లు కారుతుండగా అన్న ముఖంలోకి చూస్తూ నమిలాడు.

మర్నాడు పొద్దున నాయనను నేనూ సాయిబుగారూ మోసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టాం. చిన్నాయన కొత్త కిలో గుండ్లు వరసగా పెట్టుకున్నాడు. తలుపు మూసుకుపోకుండా తాత రాయి ఆనించాను. మొదట వచ్చిన ఆమె మిరపకాయల ధర అడిగి, ఎక్కువని మూతి తిప్పింది. చిన్నాయన ఏదో చెప్పబోయాడు. నాయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆమె వైపు తిరిగి, ఆ ఊళ్లో ప్రతి అంగడివాడూ ప్రతి పొద్దునా అనే మాటే, కొత్తగా అన్నట్టు అన్నాడు.

"బోణీ."

ఆమె కొంగు ముడి విప్పింది.